పాఠకుల ప్రశ్నలు: రక్షణ నిశ్చయత దేనిమీద నిలుస్తుంది?

ఈ నెల చెన్నై నుంచి వచ్చిన ఉత్తరాలలో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. ఈ నగరంలో తెలుగు క్రైస్తవులు లూథరన్, బాప్టిస్టు, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం), బ్రదరన్, పెంతెకొస్తు సంఘాలలో తరతరాలుగా పక్కపక్కనే జీవిస్తున్నారు. పెళ్ళిళ్ళ మూలంగా ఒక్కొక్క ఇంట్లో రెండు మూడు సంఘాల వారు కలిసి ఉంటున్నారు. కాబట్టి మనిషి రక్షణ, అంటే పాపక్షమాపణ, నిత్యజీవం, పొందడానికి ఏమి కావాలి, పొందానని ఎలా తెలుస్తుంది అనే ప్రశ్న ఇక్కడ అత్తాకోడళ్ళ మధ్య, అన్నదమ్ముల మధ్య, ఒక్కోసారి శవపేటిక పక్కన కూడా తలెత్తుతుంది. ఉత్తరాలను కొంత కుదించి, రాసినవారి వివరాలు తీసివేసి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా పుట్టినిల్లు గుంటూరు జిల్లాలో లూథరన్ కుటుంబం. పసితనంలోనే నాకు బాప్తిస్మం ఇచ్చారు, తరువాత ఆ విశ్వాసాన్ని నా నోటితో ఒప్పుకునే కన్ఫర్మేషన్ అయింది. యేసుప్రభువును నమ్మని రోజు ఒకటి ఉన్నట్టు నాకు జ్ఞాపకం లేదు. ఈ మధ్య మా కోడలి వాళ్ళ సంఘంలో ఉపవాస కూటానికి వెళ్ళినప్పుడు అక్కడి సంఘపెద్ద ఒకరు, మీరు రక్షింపబడ్డ తేదీ చెప్పండి అని అడిగారు. చెప్పలేకపోయాను. తేదీ తెలియనివారు ఇంకా రక్షణ పొందలేదని, అన్యభాషలు (ఆత్మ ప్రేరణతో తెలియని భాషలలో మాట్లాడటం) రానివారిలో పరిశుద్ధాత్మ లేడని ఆయన అందరిముందు చెప్పారు. అప్పటినుంచి నాకు సరిగా నిద్ర పట్టడం లేదు. మా సంఘకాపరి అయ్యగారిని అడిగితే, అవన్నీ పట్టించుకోకండమ్మా అన్నారు గాని కారణం చెప్పలేదు. నేను రక్షింపబడ్డానా? ఎలా తెలుసుకోవాలి? – ఒక సహోదరి, పెరంబూరు

జవాబు: అమ్మా, మీ అయ్యగారు చెప్పిన మాట సరైనదే అయినా, కారణం చెప్పకుండా పట్టించుకోవద్దనడం నిద్ర పట్టని మనిషికి చాలదు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆ సంఘపెద్దకు న్యాయం చేద్దాం. ఆయన ఆందోళనలో ఒక నిజం ఉంది. క్రైస్తవ ఇంట్లో పుట్టినంత మాత్రాన, చర్చి రిజిస్టరులో పేరు ఉన్నంత మాత్రాన మనిషి విశ్వాసి కాడు. తల్లిదండ్రుల విశ్వాసాన్ని ఆస్తిలాగా పంచుకోవడం కుదరదు. ఉజ్జీవ కూటాలలో పని చేసేవారు ఇలాంటి పేరుకు మాత్రపు క్రైస్తవ్యాన్ని ఎంతో చూసి ఉంటారు కాబట్టి, దాన్ని కదిలించడానికి తేదీ అడగడం అలవాటు చేసుకున్నారు. తాగుడు నుంచో, విగ్రహారాధన నుంచో, పచ్చి అవిశ్వాసం నుంచో ఒక్కసారిగా మళ్ళినవారికి ఆ ప్రశ్న సులభంగానే ఉంటుంది. అయితే కొందరి అనుభవంలో నిజమైనది అందరికీ నిబంధనగా మారినప్పుడు అది లేఖనాన్ని దాటిపోతుంది.

అపొస్తలుల కార్యములలో ఫిలిప్పీ పట్టణపు చెరసాల నాయకుడు ఒక్క రాత్రిలో మారాడు. పౌలుకు దమస్కు మార్గంలో ఒక మధ్యాహ్నం ఉంది. కాని పౌలు ఎంతో ప్రేమించిన తిమోతి సంగతి చూడండి. అవ్వయైన లోయిలోను, తల్లియైన యునీకేలోను ఉన్న విశ్వాసమే అతనిలోను ఉందని, బాల్యమునుండి అతడు పరిశుద్ధ లేఖనములను ఎరిగినవాడని పౌలు రాశాడు గాని, నీ తేదీ ఏది అని అడగలేదు. కొత్త నిబంధనలో ఏ అపొస్తలుడూ ఎవరినీ అలా అడగలేదు. అడిగినదల్లా ఇప్పుడు ఎవరిని నమ్ముతున్నావు అనే. తల్లి ఒడిలో పెరిగిన బిడ్డను, నీవు అమ్మను ఏ రోజున గుర్తుపట్టావు అని అడిగితే చెప్పలేదు; చెప్పలేనందువల్ల ఆ బిడ్డకు తల్లి లేదని ఎవరూ అనరు.

ఈ తేదీ పట్టింపుకు చరిత్రలో తరచుగా చూపించే ఉదాహరణ మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీది. ఆయన ఆంగ్లికన్ గురువుగా ఉండి, అమెరికాలోని జార్జియాకు మిషనరీగా వెళ్ళి, అక్కడికి పోయే ఓడలో తుఫాను వచ్చినప్పుడు భయపడకుండా కీర్తనలు పాడిన మొరావియను విశ్వాసులను చూసి, తనకు వారికున్న నిబ్బరం లేదని కలతపడ్డాడు. లండన్‌లో 1738 మే 24 రాత్రి ఒక చిన్న కూటంలో పౌలు రాసిన రోమా పత్రికకు సంస్కరణోద్యమ నాయకుడు మార్టిన్ లూథరు రాసిన ముందుమాట చదువుతుండగా వింటూ, తన హృదయం వింతగా వెచ్చబడిందని, క్రీస్తు తన పాపాలనే తీసివేశాడన్న నిశ్చయత కలిగిందని రాసుకున్నాడు. చాలామంది ఈ కథను ఇక్కడితో ఆపేస్తారు. కాని తరువాతి సంవత్సరాలలో వెస్లీ తన బోధను మెత్తబరిచాడు. దేవునికి భయపడి నడుచుకుంటూ ఇంకా ఆ ఆనంద నిశ్చయత పొందనివారిలో ఉన్నది సేవకుని విశ్వాసమని, పొందినవారిలో ఉన్నది కుమారుని విశ్వాసమని వేరుచేసి చెప్పాడు. మొదటి రకం వారు దేవుని అంగీకారానికి బయట ఉన్నారని ఆయన ఇక అనలేదు. తేదీ ఉన్న మనిషే తేదీ లేనివారిని తోసిపుచ్చకూడదని నేర్చుకున్నాడన్నమాట.

కాల్విను వారసత్వం ఉన్న సంస్కరణ సంఘాలలో కూడా ఈ విషయం మీద ఒకే మాట లేదు. 1563 నాటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి నిజమైన విశ్వాసం అంటే ఏమిటో చెప్పేటప్పుడు, ఇతరులకే కాదు నాకు కూడా పాపక్షమాపణ దొరికిందన్న దృఢమైన నమ్మకాన్ని అందులో భాగంగానే చేర్చింది. తరువాత 1646 నాటి వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం, తన 18వ అధ్యాయంలో, ఈ నిశ్చయత విశ్వాసపు సారంలో విడదీయరాని భాగం కాదని, నిజమైన విశ్వాసి కూడా దానికోసం చాలాకాలం ఎదురుచూడవలసి రావచ్చని, ఎన్నో కష్టాలతో పోరాడవలసి రావచ్చని చెప్పింది. ఈ రెండు పత్రాలూ దగ్గరి బంధువులవంటి సంఘాలవే. మొదటిది, విశ్వాసం అంటే దేవుణ్ణి గురించిన సమాచారం మాత్రమే కాదని గుర్తుచేస్తుంది. రెండవది, నలిగిన మనస్సుగల మనిషిని నలిగినందుకే బయటికి తోయకుండా కాపాడుతుంది. ఒక్కటే ఎంచుకోమంటే మీ విషయంలో నేను రెండవదాన్నే మీ చేతిలో పెడతాను.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న: ఎలా తెలుసుకోవాలి? యోహాను తన మొదటి పత్రిక చివర, దేవుని కుమారుని నామమందు విశ్వాసముంచినవారు తమకు నిత్యజీవం ఉందని తెలుసుకోవడానికే ఈ సంగతులు రాస్తున్నానని చెప్పాడు. కాబట్టి తెలుసుకోవడం సాధ్యమే, అది గర్వమూ కాదు. అదే పత్రికలో ఆయన కొన్ని గుర్తులు కూడా ఇచ్చాడు: కుమారుని ఒప్పుకోవడం, సహోదరుని ప్రేమించడం, ఆజ్ఞలను గైకొనడం. ఈ గుర్తులు నిజమైనవే. కాని నిద్ర పట్టని రాత్రి వీటిని ముందు వేసుకుని లెక్క చూసుకోవడం మొదలుపెడితే ఎవరి లెక్కా సరిపోదు. ఎంత ప్రేమించాను, ఎంత గట్టిగా నమ్మాను, ఆ నమ్మకం నిజమైనదేనా అని తవ్వుకునే కొద్దీ మనిషి క్రీస్తును వదిలి తన విశ్వాసాన్నే నమ్మడానికి ప్రయత్నిస్తాడు. విశ్వాసం మనలను రక్షించేది కాదు, రక్షించేవానిని పట్టుకునేది. దయ్యం పట్టిన కుమారుణ్ణి తెచ్చిన తండ్రి, "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని సగం విశ్వాసంతో, సగం ఏడుపుతో అడిగాడు. ప్రభువు ఆ విశ్వాసాన్ని తూచి చూడలేదు, బిడ్డను స్వస్థపరిచాడు. "నాయొద్దకు వచ్చువానిని నేనెంతమాత్రమును బయటికి త్రోసివేయను" అన్న వాగ్దానంలో వచ్చిన తేదీ గురించి ఒక్క మాట లేదు. ఈ రాత్రి మీరు ఆయన దగ్గరకు వస్తున్నారా? అలాగైతే ఆ వాగ్దానం మీదే.

అన్యభాషల సంగతి క్లుప్తంగా చెబుతాను. "అందరు భాషలతో మాటలాడుచున్నారా?" అని పౌలు కొరింథీయులను అడిగిన తీరులోనే లేదన్న జవాబు ఉంది, క్రీస్తు ఆత్మ లేనివాడు ఆయనవాడు కాడని రోమా పత్రిక 8వ అధ్యాయంలో చెప్పాడు కాబట్టి, ఆయనవారందరిలో ఆత్మ ఉన్నాడన్నది కూడా అంతే స్పష్టం. పైగా పెంతెకొస్తు సంఘాల ప్రధాన బోధనలో కూడా అన్యభాషలు ఆత్మ బాప్తిస్మానికి గుర్తు గాని రక్షణకు షరతు కాదు. మీకు ఎదురైన సంఘపెద్ద తన సొంత సంప్రదాయాన్ని కూడా దాటి మాట్లాడారు.

మీరు చేయవలసినవి, చేయకూడనివి రెండు మూడు ఉన్నాయి. వారిని తృప్తిపరచడానికి ఏదో ఒక తేదీ కల్పించి చెప్పకండి. ఆ అబద్ధం మీద నిశ్చయత నిలవదు. కోడలితో వాదానికి దిగకండి, ఆ అమ్మాయి మిమ్మల్ని ఆ కూటానికి తీసుకువెళ్ళింది ప్రేమతోనే అయి ఉంటుంది. మీ సంఘంలో ప్రభురాత్రి భోజనం ఇచ్చే ఆదివారం వెనకడుగు వేయకుండా బల్ల దగ్గరకు వెళ్ళండి, ఎందుకంటే మీకొరకు అని పలికి ఇచ్చే ఆ రొట్టె సందేహంలో ఉన్నవారి కోసమే ఎక్కువగా ఉంది.

ప్రశ్న: నేను షోళింగనల్లూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నా గదిలో ఉండే స్నేహితుడు పదో తరగతిలో ఒక యూత్ క్యాంపులో చెయ్యెత్తి, ప్రసంగీకుని వెంట ప్రార్థన చెప్పి రక్షణ పొందానంటాడు. ఇప్పుడు ఆఫీసులో చాలామంది దగ్గర అప్పులు చేసి, అబద్ధాలు చెప్పి తప్పించుకు తిరుగుతున్నాడు. అడిగితే, క్రియల వలన కాదు విశ్వాసం వలనే రక్షణ, ఒకసారి పొందితే పోయేది కాదు అంటాడు. పౌలు క్రియలు లేకుండానే అంటాడు, యాకోబు క్రియలు లేని విశ్వాసం మృతం అంటాడు. ఎవరి మాట తీసుకోవాలి? పొందిన రక్షణ పోతుందా? – ఒక యువకుడు, చెన్నై

జవాబు: తమ్ముడూ, ఇద్దరి మాటా తీసుకోవాలి, కాని ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చూసి తీసుకోవాలి. పౌలుకు ఎదురుగా ఉన్నవారు, అన్యజనులు సున్నతి పొంది ధర్మశాస్త్రాన్ని మోయకపోతే దేవుని ప్రజలు కాలేరని అంటున్నవారు. యాకోబుకు ఎదురుగా ఉన్నవాడు, బట్టలు లేక, ఆ నాటికి తిండి లేక ఉన్న సహోదరుణ్ణి చూసి, సమాధానముగా వెళ్ళు, చలి కాచుకో అని చెప్పి తలుపు వేసుకునేవాడు. ఇద్దరూ అబ్రాహామునే సాక్షిగా పిలిచారు గాని అతని జీవితంలో వేరువేరు ఘట్టాల నుంచి పిలిచారు. పౌలు చూపించేది ఆదికాండము 15వ అధ్యాయం: సున్నతి ఇంకా లేదు, ఇస్సాకు ఇంకా పుట్టలేదు, నక్షత్రాల కింద నిలబడి దేవుని మాట నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది. యాకోబు చూపించేది 22వ అధ్యాయం: ఎన్నో ఏళ్ళ తరువాత, పెరిగిన కొడుకును బలిపీఠం మీద పెట్టిన రోజు. మొదటి రోజు నమ్మకం నిజమైనదని రెండవ రోజు బయటపడింది. రెండవ రోజు అతడు చేసిన పని మొదటి రోజు నీతిని కొనలేదు, ఎందుకంటే అది అప్పటికే ఇవ్వబడింది.

లూథరు 1522లో కొత్త నిబంధన ముందుమాటలో యాకోబు పత్రికను గడ్డి పత్రిక అని తేలిక చేసిన మాట వాస్తవమే. తరువాతి ముద్రణలలో ఆ వాక్యం తీసివేయబడింది. కాని అదే సంవత్సరం రోమా పత్రికకు రాసిన ముందుమాటలో ఆయన, విశ్వాసం సజీవమైనదని, చురుకుగా పని చేసేదని, మంచి పనులు చేయాలా అని అడిగేలోపే చేసేసి ఉంటుందని రాశాడు. మీ స్నేహితుడు పట్టుకున్నది లూథరు బోధన కాదు, 18వ శతాబ్దంలో స్కాట్లాండులో రాబర్ట్ సాండిమన్ బోధించినదానికి దగ్గరగా ఉన్నది. క్రీస్తును గురించిన సాక్ష్యం నిజమని మనస్సు ఒప్పుకుంటే చాలు, అదే విశ్వాసం, అంతకు మించి హృదయపు కదలికను కలిపితే అది క్రియ అయిపోతుంది అని ఆయన వాదించాడు. ఆయన ఉద్దేశం మంచిదే, కృపకు దేనినీ జోడించకూడదన్నదే. విలియం కేరీని మన దేశానికి పంపిన బాప్టిస్టు మిషను కార్యదర్శి ఆండ్రూ ఫుల్లర్ 1810లో దానికి జవాబు రాశాడు. "దయ్యములును నమ్మి వణకుచున్నవి" అన్న యాకోబు మాటకు ఆ బోధనలో చోటు దొరకదు; దయ్యాల దగ్గర సరైన సమాచారమంతా ఉంది, లేనిది ప్రభువు మీద ప్రేమ, పాపం మీద ఏవగింపు. 1980ల చివర అమెరికాలో జాన్ మెకార్థర్ ఒకవైపు, జేన్ హాడ్జెస్ మరొకవైపు నిలిచి ఇదే వాదాన్ని మళ్ళీ చేశారు: యేసును ప్రభువుగా ఒప్పుకుని లోబడకుండా రక్షకుడిగా మాత్రమే స్వీకరించడం సాధ్యమా అన్నది వారి ప్రశ్న. మెకార్థర్ సాధ్యం కాదన్నాడు. అలాంటి షరతు పెడితే కృప కృప కాకుండా పోతుందని హాడ్జెస్ అన్నాడు. నా అభిప్రాయం మొదటివైపే మొగ్గుతుంది, ఎందుకంటే మారుమనస్సు విశ్వాసానికి బయట పెట్టిన అదనపు రుసుము కాదు, విశ్వాసం తిరిగే దిక్కే అది. అయితే లోబడటాన్ని కొలిచి చూపమని అడిగే బోధకులు పెరంబూరు సహోదరి వంటివారిని మళ్ళీ నిద్ర లేకుండా చేస్తారన్న హాడ్జెస్ భయం కూడా ఉత్త భయం కాదు.

పొందిన రక్షణ పోతుందా అన్నదానికి సంఘం ఏకగ్రీవంగా జవాబివ్వలేదు. డచ్ వేదాంతి ఆర్మీనియస్ మరణించిన మరుసటి సంవత్సరం, 1610లో, ఆయన అనుచరులు ఐదు అంశాలు సమర్పించి, విశ్వాసి పడిపోవడం సాధ్యమా అన్న విషయాన్ని ఇంకా లేఖనాలలో వెతకవలసిన ప్రశ్నగా వదిలారు. 1618–19లో నెదర్లాండ్స్ లోని డోర్ట్ పట్టణంలో కూడిన సంస్కరణ సంఘాల సభ, దేవుడు తనవారిని చివరివరకు నిలుపుతాడని నిర్ణయించింది. ఒకరు తప్పిపోయినవారిని గురించి హెబ్రీ పత్రిక 6వ అధ్యాయంలోని హెచ్చరికను చూపిస్తారు, మరొకరు నా గొర్రెలను ఎవడును నా చేతిలోనుండి అపహరింపడు అన్న ప్రభువు మాటను చూపిస్తారు. రెండూ ఉన్న బైబిలే మన చేతిలో ఉంది. మీ నగరంలోనే కెథీడ్రల్ రోడ్డులోని సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు, డోర్ట్ వారసత్వం ఉన్న ప్రెస్బిటేరియన్లు, వెస్లీ వారసత్వం ఉన్న మెథడిస్టులు, ఆంగ్లికన్లు ఒకే సంఘమయ్యారు. ఈ ప్రశ్న తేలేవరకు ఆగుదామని వారు అనుకోలేదు. అది సరైన పనేనని నేను నమ్ముతున్నాను.

కాని మీ స్నేహితుని విషయంలో ఈ రెండు వర్గాల మధ్య తేడా ఆచరణలో ఎంత తక్కువో గమనించండి. ఒకరు, అతడు నిజంగా ఎప్పుడూ నమ్మి ఉండకపోవచ్చు అంటారు; మరొకరు, నమ్మి పడిపోయి ఉండవచ్చు అంటారు. ఇద్దరూ అతనితో చెప్పేది మాత్రం ఒక్కటే: ఇప్పుడు తిరుగు. డోర్ట్ సభే తన తీర్మానంలో, ఈ భద్రత విశ్వాసిని గర్విష్ఠిగా, నిర్లక్ష్యంగా చేయదని ప్రత్యేకంగా రాసుకుంది. అతని హృదయంలో ఏముందో తీర్పు చెప్పే అధికారం మీకూ నాకూ లేదు; అయితే క్యాంపులో చెప్పిన ప్రార్థనను తలగడగా చేసుకుని పడుకునే హక్కు అతనికీ లేదు. పన్ను వసూలుదారు జక్కయ్య కథ అతనితో కలిసి చదవండి. ప్రభువు ముందు అతని పేరు పెట్టి పిలిచి, అతని ఇంటికి వస్తానన్నాడు. ఆ తరువాతే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. డబ్బు తిరిగి ఇచ్చి రక్షణ కొనుక్కోలేదు, కాని రక్షణ వచ్చిన ఇంట్లో డబ్బు తిరిగి ఇవ్వడం మొదలైంది. మీ స్నేహితుడు ఎవరికి ఎంత ఇవ్వాలో ఒక కాగితం మీద రాయడంతో మొదలుపెట్టవచ్చు. మీరు పక్కన కూర్చోండి.

ప్రశ్న: మా పక్కింటి కథోలిక స్నేహితురాలు, నేను తప్పక రక్షింపబడ్డాను అని చెప్పడం తమ సంఘంలో అహంకారంగా ఎంచుతారని అంటోంది. నిజమేనా? – ఒక గృహిణి, విల్లివాక్కం

జవాబు: సగం నిజం. కథోలిక సంఘపు ట్రెంట్ మహాసభ 1547 జనవరిలో ఆమోదించిన తీర్మానంలో, తాను కృప పొందానని పొరపాటుకు తావులేని విశ్వాస నిశ్చయతతో ఎవరూ తెలుసుకోలేరని, ప్రత్యేక ప్రత్యక్షత లేకుండా చివరివరకు నిలుస్తానని నిస్సందేహంగా చెప్పుకోరాదని ఉంది. కాని అదే తీర్మానం దేవుని కరుణను, క్రీస్తు యోగ్యతను, బాప్తిస్మం వంటి సంస్కారాల శక్తిని సందేహించకూడదని కూడా చెబుతుంది. సందేహం మన బలహీనత గురించే. దేవుని సహాయం మీద గట్టి నిరీక్షణ పెట్టుకోవాలన్నది కూడా అందులో ఉంది. 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కథోలిక సంఘం మనిషి దేవుని ముందు నీతిమంతుడుగా తీర్చబడటం గురించి కలిసి సంతకం చేసిన ఉమ్మడి ప్రకటనలో రక్షణ నిశ్చయత మీద ఒక భాగమే ఉంది: తన బలహీనతను చూసుకుని ఎంత భయపడినా, విశ్వాసి దేవుని వాగ్దానం మీద ఆనుకోవచ్చని ఇద్దరూ ఒప్పుకున్నారు. 2006లో మెథడిస్టులు, 2017లో సంస్కరణ సంఘాల ప్రపంచ కూటమి దానితో ఏకీభవించాయి. తేడాలన్నీ తొలగిపోలేదు. అయినా ఆమెతో మాట్లాడేటప్పుడు, మీరు క్రియలను నమ్ముతారు, మేము క్రీస్తును నమ్ముతాం అని మొదలుపెట్టకండి. అది ఆమె సంఘం బోధించేదానికి సరైన వర్ణన కాదు.

ప్రశ్న: నేను రైల్వేలో పని చేసి రిటైరయ్యాను. మా అన్నయ్య జీవితమంతా క్రీస్తుకు దూరంగానే ఉన్నాడు. చివరి జబ్బులో సువార్త చదవడం మొదలుపెట్టి, ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని యేసయ్యను పిలిచాడు, బాప్తిస్మం కావాలని తానే అడిగాడు. ఇంటికి వచ్చాక తీసుకుందామని అనుకున్నాం. ఇంటికి రాలేదు. సమాధి కార్యక్రమానికి పిలిచిన బోధకుడు, బాప్తిస్మం లేనివారికి నిరీక్షణ మాటలు చెప్పలేనని రాలేదు. మా వదిన, అన్నయ్య తరపున నేను బాప్తిస్మం తీసుకోవచ్చా అని అడుగుతోంది. – ఒక సహోదరుడు, అయనావరం

జవాబు: అయ్యా, మీ దుఃఖంలో ఆ బోధకుడు మీ పక్కన నిలబడవలసింది. ఆయన మనస్సులో, "నమ్మి బాప్తిస్మము పొందినవాడు రక్షింపబడును" అన్న మార్కు 16వ అధ్యాయపు మాట ఉండి ఉంటుంది. ఆ వచనపు రెండవ సగం కూడా చదవాలి: శిక్ష విధింపబడేది నమ్మనివానికి అని ఉంది గాని, బాప్తిస్మం పొందనివానికి అని లేదు. రోమా శతాధిపతి కొర్నేలీ ఇంట్లో పేతురు ఇంకా మాట్లాడుతుండగానే పరిశుద్ధాత్మ దిగాడు, బాప్తిస్మం తరువాత వచ్చింది. సిలువ మీద దొంగకు నీళ్ళు దొరకలేదు; పరదైసు దొరికింది.

ఇది ఈనాటి మెత్తటి మనస్సులు కనిపెట్టిన ఓదార్పు కాదు. 392లో రోమా చక్రవర్తి రెండవ వాలెంటీనియన్ బాప్తిస్మం కోసం మిలాను బిషప్పు అంబ్రోసును రమ్మని కబురు పంపి, ఆయన వచ్చేలోపే చనిపోయాడు. చక్రవర్తి చెల్లెళ్ళు మీ వదినగారిలాగానే ఏడ్చారు. అంబ్రోసు అంత్యక్రియల ప్రసంగంలో వారితో, అతడు కోరుకున్న కృప అతనికి దొరికిందని, కోరినందువల్లనే దొరికిందని చెప్పాడు. బాప్తిస్మం అవసరమని ఎంతో గట్టిగా బోధించే కథోలిక సంఘం కూడా ట్రెంట్ సభలో, బాప్తిస్మం లేక దాని కోసం కోరిక అని రెండింటినీ చేర్చి రాసింది.

మన తెలుగు సంఘ చరిత్రలో ఇంకా దగ్గరి సాక్ష్యం ఉంది. 1876–78 మహా కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, ఆకలితో ఉన్నవారికి పని కల్పించడానికి, మీ నగరం గుండా పోయే బకింగ్‌హామ్ కాలువలోనే ఉత్తరాన మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. పని చేసే వేలమంది మధ్య బోధకులు సువార్త చెప్పారు, ఎందరో నమ్మి బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. ఆయన ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని, కరువు సహాయం ముగిసేవరకు ఆపాడు. ఆ తరువాత 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మనం గర్వంగా చెప్పుకుంటాం గాని, దానికి ముందు ఆయన చేయించిన ఎదురుచూపును గురించి ఆలోచించం. నీళ్ళలో దిగనిదే దేవుడు అంగీకరించడని నమ్మినవాడు, చావు గడప ముందు నిలబడ్డ మనుషులకు కరువు కాలంలో బాప్తిస్మాన్ని వాయిదా వేయగలడా? విశ్వాసం వచ్చిన చోట రక్షణ వచ్చిందని ఆయనకు తెలుసు కాబట్టే ఆపగలిగాడు. ప్రభువు ఆజ్ఞను తేలికగా తీసుకోలేదు కాబట్టే అవకాశం వచ్చిన రోజున తెల్లవారు నుంచి సాయంత్రం వరకు ఆ నదిలో పని జరిపించాడు. ఆరోగ్యంగా ఉండి, నీళ్ళు పక్కనే ఉండి, నమ్మానంటూ బాప్తిస్మాన్ని సంవత్సరాల తరబడి దాటవేసేవారికి మీ అన్నగారి కథను సాకుగా వాడుకునే వీలు లేదు. మీ అన్నగారు దాటవేయలేదు. అడిగారు.

మీ వదినగారి ప్రశ్నకు నా జవాబు వద్దు అనే. మృతులకొరకు బాప్తిస్మము పొందేవారి గురించి కొరింథీయుల మొదటి పత్రిక 15వ అధ్యాయంలో ఒక్కచోట ప్రస్తావన ఉంది గాని, అపొస్తలుడు అలా చేయమని ఎక్కడా చెప్పలేదు; పైగా మీ అన్నగారికి లోటు ఏదీ మిగిలి లేదు, ఆమె నింపవలసినదీ లేదు. కాని ఆ మాట అడిగిన మనిషి హృదయంలో ఇంకేదో కదులుతోందని నాకు అనిపిస్తోంది. భర్త చివరి రోజులలో చదివిన ఆ సువార్తను ఆమె కూడా పక్కనుండి విని ఉండాలి. ఆమెను తొందరపెట్టకండి, తేదీ పెట్టకండి. ఆ పుస్తకం ఆమె చేతికి ఇచ్చి, ఆమె అడిగినప్పుడు పక్కన కూర్చుని చదవండి. తన కోసం తాను బాప్తిస్మం కోరుకునే రోజు వస్తే, ఆమెను ఓపికగా వినే ఒక సంఘకాపరి దగ్గరకు మీరే తీసుకువెళ్ళండి.